లింకన్ స్నేహితుడు జడ్జి డేవిడ్ డేవిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఇన్సూరెన్స్, ఐటీ ఉద్యోగాలతో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఊళ్లో చూపించే చోట్లలో డేవిస్ మాన్షన్ ఒకటి. అది చూసి బయటికొచ్చాక అందరూ అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. ఈయన లింకన్‌కి ఏమవుతారు, ఇంత ఆస్తి ఎక్కడిది, 1877లో అంత ముఖ్యమైన పని ఎందుకు వదిలేశారు... జవాబులు ఒకచోట పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు.

## ముందుగా పరిచయం

అసలు ఈ డేవిడ్ డేవిస్ ఎవరండీ? నాలుగు ముక్కల్లో చెప్పండి

1815లో పుట్టి 1886లో పోయిన అమెరికన్ లాయర్, జడ్జి, రాజకీయ నాయకుడు. ఇల్లినాయ్‌లో పద్నాలుగేళ్లు సర్క్యూట్ జడ్జి. 1862 నుంచి 1877 దాకా అమెరికా సుప్రీంకోర్టు జడ్జి. తర్వాత ఆరేళ్లు సెనేటర్. 1860లో ఏబ్రహాం లింకన్‌కి రిపబ్లికన్ టికెట్ తెచ్చిపెట్టిన బృందానికి పెద్దదిక్కు ఆయనే. లింకన్ ప్రభుత్వం అమెరికా అంతర్యుద్ధ కాలంలో నడిపిన సైనిక విచారణ చెల్లదని సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిందీ ఆయనే. నన్నడిగితే, ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషి అన్నదే ఆయన కథలో అసలు విషయం.

దక్షిణాది తిరుగుబాటు రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కి ఈయన చుట్టమా?

కాదు. ఇంటిపేరు ఒకటే, అంతే. మేరీల్యాండ్ నుంచి కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, వెళ్లిన హెన్రీ వింటర్ డేవిస్ మాత్రం ఈయనకి పెదనాన్న-చిన్నాన్న పిల్లల వరస. ఆ అన్నదమ్ములిద్దరూ దేశం చీలకూడదన్న యూనియన్ పక్షమే.

## చదువు, సంసారం, ఆస్తి

పుట్టుకతోనే డబ్బున్న మనిషా?

డబ్బున్న బంధువులు ఉన్నారు, కానీ బాల్యం సుఖంగా గడవలేదు. 1815 మార్చి 9న మేరీల్యాండ్‌లోని సెసిల్ కౌంటీలో పుట్టారు. తండ్రి డాక్టర్. కొడుకు పుట్టకముందే పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. పిల్లాడు కొన్నాళ్లు తల్లి, సవతి తండ్రి దగ్గర, కొన్నాళ్లు చర్చి ఫాదర్‌గా ఉన్న బాబాయి దగ్గర పెరిగాడు. వారసత్వంగా రావాల్సిన ఆస్తి మీద పెద్దల మధ్య కోర్టు గొడవలు కూడా నడిచాయి. పెద్దయ్యాక భూమి విషయంలో ఆయన అంత జాగ్రత్తగా ఎందుకున్నారో ఇక్కడే కొంత అర్థమవుతుంది.

లా కాలేజీలో చదివారా, అప్పట్లో లాగా లాయర్ దగ్గర చేరి నేర్చుకున్నారా?

రెండూ. ఒహాయోలోని కెన్యన్ కాలేజీ నుంచి 1832లో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో ఒక లాయర్ ఆఫీసులో పనిచేస్తూ లా నేర్చుకుని, కొంతకాలం యేల్‌లో చదివారు. ఆ రోజుల్లో చాలామంది రెండో మెట్టు దాకా వెళ్లేవాళ్లు కాదు. లింకన్ అయితే ఏ కాలేజీ గడపా తొక్కలేదు.

అంత తూర్పున పుట్టి బ్లూమింగ్టన్ దాకా ఎందుకొచ్చారు?

కొత్తగా జనం వచ్చి చేరుతున్న పడమటి ఊళ్లలో కుర్ర లాయర్లకి అవకాశం ఎక్కువ. 1835లో ముందు ఇల్లినాయ్‌లోని పెకిన్‌లో ప్రాక్టీసు పెట్టారు. అక్కడ మలేరియా పట్టుకుని మంచాన పడేసింది. మరుసటి ఏడాది బ్లూమింగ్టన్‌లో జెస్సీ ఫెల్ అనే లాయర్ తన ప్రాక్టీసు వదిలి భూముల వ్యాపారంలోకి వెళ్తుంటే, ఆ ప్రాక్టీసు ఈయన తీసుకున్నారు. ఆ ఫెల్ తర్వాత లింకన్‌ని అధ్యక్ష పదవికి ముందుకు తోసినవాళ్లలో ఒకరయ్యారు.

పెళ్లి, పిల్లలు?

1838లో లెనాక్స్ అమ్మాయి సారా వాకర్‌ని పెళ్లి చేసుకున్నారు. పసితనంలోనే కొందరు పిల్లలు పోగా, పెరిగి పెద్దయింది ఇద్దరే: కొడుకు జార్జ్, కూతురు సాలీ. ఏడాదిలో సగం రోజులు ఆయన ఊళ్లు తిరుగుతూ, తర్వాత వాషింగ్టన్‌లో ఉండటంతో భార్యకి ఉత్తరాలు రాస్తూనే ఉండేవారు. ఆయన గురించి ఈరోజు మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఉత్తరాల చలవే.

జడ్జి జీతంతో అంత ఆస్తి ఎలా సాధ్యం? లంచాలేమైనా తిన్నారా?

మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది! లంచం కాదు, భూమి. సర్క్యూట్ జడ్జిగా ఆయన జీతం ఏడాదికి 1,000 డాలర్లు. దాంతో మాన్షన్ కట్టలేరు. 1837లో అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చి భూముల ధరలు పడిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఆయన చవగ్గా కొంటూ పోయారు. కొన్నది తొందరపడి అమ్మలేదు. 1850లలో రైలు మార్గాలు వచ్చాక ఇల్లినాయ్ నల్లమట్టి పొలాల విలువ ఎక్కడికో వెళ్లింది. చివరికి రాష్ట్రంలోని పెద్ద భూస్వాముల్లో ఒకరయ్యారు. కోర్టు పని మీద కౌంటీలన్నీ తిరిగిన మనిషికి ఏ నేల మంచిదో తెలియడం కూడా కలిసొచ్చి ఉంటుందని నా అనుమానం.

## ఊరూరా తిరిగిన జడ్జి

జడ్జిని జనం ఓటేసి ఎన్నుకోవడమేంటి? విడ్డూరంగా ఉందే!

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ ఉన్న పద్ధతే. ఇల్లినాయ్‌లో 1847లో కొత్త రాజ్యాంగం రాయడానికి కూర్చున్న సభలో డేవిస్ సభ్యుడు. జడ్జిలని ప్రజలే ఎన్నుకోవాలని వాదించినవాళ్లలో ఆయనా ఉన్నారు. అంతకుముందు 1840లో రాష్ట్ర సెనేట్‌కి (శాసనసభ ఎగువ సభకి) రిపబ్లికన్ పార్టీ రాకముందున్న విగ్ పార్టీ తరఫున పోటీ చేసి ఓడారు. 1844లో దిగువ సభకి గెలిచారు. 1848లో ఎనిమిదో సర్క్యూట్ జడ్జిగా ఎన్నికై, 1855లోనూ 1861లోనూ మళ్లీ గెలిచారు.

సర్క్యూట్ తిరగడం అంటే ఏంటి?

ప్రతి కౌంటీకి ఒక జడ్జిని పెట్టే స్తోమత లేని కాలం. అందుకని ఒక జడ్జి కొన్ని కౌంటీలు వరసగా చుట్టి, ఒక్కోచోట కొన్ని రోజులు కోర్టు పెట్టేవారు. డేవిస్ చేతికి వచ్చేటప్పటికి ఎనిమిదో సర్క్యూట్‌లో 14 కౌంటీలు. వసంతంలో ఒకసారి, ఆకురాలే కాలంలో ఒకసారి, ప్రతిసారీ మూడు నెలల దాకా ప్రయాణం. వంతెనల్లేని వాగులు, బురద దారులు. జడ్జి వెంట లాయర్లూ కదిలేవాళ్లు. కోర్టు రోజులంటే ఆ చిన్న ఊళ్లకి మన సంత రోజు లాంటివి. కేసు ఉన్నా లేకపోయినా చుట్టుపక్కల పల్లెల జనమంతా దిగేవాళ్లు.

లాయర్లలో చాలామంది రెండు మూడు కౌంటీలు తిరిగి ఇంటికెళ్లిపోయేవాళ్లు. మొత్తం చుట్టూ జడ్జితో పాటు తిరిగిన అతికొద్దిమందిలో లింకన్ ఒకరు. సత్రాల్లో ఒకే గదిలో పడక, ఒకే బల్ల దగ్గర భోజనం, రాత్రి పొద్దుపోయేదాకా లింకన్ కబుర్లు. మురికి గదుల గురించి, తినలేని తిండి గురించి డేవిస్ భార్యకి రాసిన ఫిర్యాదులు చదివితే నవ్వొస్తుంది. అయినా ఆ తిరుగుడు ఆయనకి ఇష్టమే. లేకపోతే పద్నాలుగేళ్లు ఎందుకు చేస్తారు?

స్నేహితుడే జడ్జి అయితే లింకన్ కేసులన్నీ గెలిచి ఉంటారు కదా?

అలా జరగలేదు. జ్యూరీ లేకుండా డేవిస్ ఒక్కరే తేల్చిన కేసుల్లో లింకన్ గెలిచినవాటికన్నా ఓడినవే కాస్త ఎక్కువని తర్వాత లెక్కలు తీసినవాళ్లు చెప్పారు.

కానీ ఇప్పటి కళ్లతో చూస్తే ముక్కున వేలేసుకునే సంగతులూ ఉన్నాయి. ఒంట్లో బాగా లేకపోయినా, వేరే పని పడినా డేవిస్ తన కుర్చీలో లింకన్‌ని కూర్చోబెట్టి విచారణ నడిపించిన సందర్భాలున్నాయి. ఇంకోటి ఫీజు కేసు. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే తరఫున మెక్‌లీన్ కౌంటీ పన్నుల కేసు గెలిపించి లింకన్ 5,000 డాలర్లు అడిగారు. కంపెనీ ఇవ్వనంది. 1857లో ఆయన కంపెనీ మీదే కేసు వేశారు, అదీ డేవిస్ కోర్టులో. కంపెనీ లాయర్ సమయానికి రాకపోవడంతో తీర్పు లింకన్ వైపు వచ్చింది. ఆ లాయర్ ఆలస్యంగా వచ్చి బతిమాలితే ఆ తీర్పు పక్కనపెట్టి మళ్లీ విచారించారు. ముందే ముట్టిన 200 పోను 4,800 ఇవ్వమని జ్యూరీ చెప్పింది.

ఇంకో వైపు, లింకన్ మరీ తక్కువ ఫీజు తీసుకుని మిగతా లాయర్ల పొట్ట కొడుతున్నాడని డేవిస్ చీవాట్లు పెట్టారని వాళ్ల తోటి లాయర్ వార్డ్ లామన్ తర్వాత రాశాడు.

ఆయన బరువు గురించి చెప్పే కథలు నిజమేనా?

300 పౌండ్లు దాటిన మనిషి, అంటే మన లెక్కలో 136 కిలోల పైమాటే. ఆయన బగ్గీకి రెండు గుర్రాలు కట్టేవాళ్లు. సత్రాల్లో లాయర్లు ఒక్కో మంచం మీద ఇద్దరేసి సర్దుకుంటే జడ్జిగారికి మాత్రం విడిగా మంచం. ఇందులో గౌరవం ఎంతో, అవసరం ఎంతో మీరే ఊహించుకోండి.

## 1860: లింకన్‌ని నిలబెట్టడం

షికాగో సభలో ఆయన చేసింది ఏంటి?

మనుషుల్ని కలిపారు. 1860 మే 16 నుంచి 18 వరకు షికాగోలో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ల సభ. అందరూ న్యూయార్క్ నేత విలియం సీవర్డ్‌కే టికెట్ అనుకుంటున్నారు. లింకన్ తన ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉండిపోయారు. డేవిస్ ట్రెమాంట్ హోటల్లో గదులు తీసుకుని, సర్క్యూట్‌లో కలిసి తిరిగిన లాయర్లకి తలా ఒక రాష్ట్రం అప్పజెప్పారు. ఎవరికి ఏ రాష్ట్రంలో చుట్టరికాలు, పరిచయాలు ఉంటే వాళ్లు అక్కడి ప్రతినిధుల్ని పట్టుకోవాలి. ఒకే మాట చెప్పాలి: మొదటి ఓటు మీవాడికే వేసుకోండి, రెండోది మాకివ్వండి.

మొదటి రౌండులో సీవర్డ్ 173½, లింకన్ 102. రెండో రౌండులో 184½, 181. కావాల్సినవి 233. మూడో రౌండులో లింకన్ 231½ దగ్గర ఆగితే ఒహాయో ప్రతినిధులు నలుగురు అప్పటికప్పుడు ఇటు మారారు.

పదవులు ఇస్తామని ఓట్లు కొన్నారంటారు, నిజమా?

నా పేరు మీద ఏ ఒప్పందాలూ చేయొద్దని లింకన్ చీటీ పంపారు. లింకన్ ఇక్కడ లేడు, మా పాట్లు ఆయనకేం తెలుసు అని డేవిస్ తోసిపుచ్చారని చెప్పుకుంటారు. ఇండియానా నుంచి కేలెబ్ స్మిత్, పెన్సిల్వేనియా నుంచి సైమన్ కామెరాన్ లింకన్ మంత్రివర్గంలో చేరిన మాట నిజం. కామెరాన్‌కి చోటివ్వడం లింకన్‌కి పెద్దగా ఇష్టం లేదు. ఎంత మేరకు మాట ఇచ్చారన్న దానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఉత్త చేతులతో ఆ రెండు రాష్ట్రాలు వచ్చాయంటే నేను నమ్మను.

బానిసత్వానికి ఆయన వ్యతిరేకమేనా?

వ్యతిరేకమే, కానీ వెంటనే రద్దు చేసెయ్యాలనే వర్గం కాదు. అలాంటివాళ్లంటే ఆయనకి టెన్షన్. 1856లో తమ ప్రాంతం నుంచి బానిసత్వ నిర్మూలనవాది ఓవెన్ లవ్‌జాయ్ కాంగ్రెస్‌కి నిలబడితే డేవిస్‌కి మింగుడుపడలేదు. 1863లో బానిసల విముక్తి ప్రకటన వచ్చాక కూడా ఆ విధానం మార్చుకోమని లింకన్‌కి చెప్పి చూశారు. లింకన్ వినలేదు. లింకన్ స్నేహితుడు కదా అని ఈ విషయంలో డేవిస్‌కి లేని పేరు కట్టబెట్టక్కర్లేదు.

## సుప్రీంకోర్టులో

గెలిపించినందుకు బదులుగా సుప్రీంకోర్టు సీటు ఇచ్చారా?

స్నేహం లేకుండా రాలేదు. వెంటనే కూడా రాలేదు. లింకన్ మొదట నోవా స్వేన్, తర్వాత సామ్యూల్ మిల్లర్‌ని వేశారు. ఇంకో పాత స్నేహితుడు ఆర్విల్ బ్రౌనింగ్ కూడా ఆ సీటు కోసం చూస్తున్నాడు. డేవిస్ తనంతట తాను అడగలేదు కానీ ఇల్లినాయ్ లాయర్ మిత్రులు, ముఖ్యంగా లెనర్డ్ స్వెట్, గట్టిగా పట్టుబట్టారు. 1862 అక్టోబర్ 17న నియామకం, డిసెంబర్ 8న సెనేట్ ఆమోదం. దక్షిణాది పక్షాన చేరడానికి జాన్ క్యాంప్‌బెల్ రాజీనామా చేసిన సీటది.

మిలిగన్ కేసు అంటారు కదా, అది ఏంటి?

లాంబ్డిన్ మిలిగన్ ఇండియానా లాయర్, యుద్ధానికి బద్ధ వ్యతిరేకి. బందీలుగా ఉన్న దక్షిణాది సైనికుల్ని విడిపించే కుట్రలో ఉన్నాడని 1864 అక్టోబర్‌లో సైన్యం పట్టుకుంది. మామూలు కోర్టుకి కాకుండా సైనిక కమిషన్ ముందు నిలబెట్టి ఉరిశిక్ష వేశారు. లింకన్ హత్య తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. మిలిగన్ తరఫున సుప్రీంకోర్టులో వాదించినవాళ్లలో కాబోయే అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ ఉన్నారు.

1866లో కోర్టు మిలిగన్‌ని వదిలెయ్యమంది. డేవిస్ రాసిన తీర్పు సారం ఇది: రాజ్యాంగం పాలకులకీ ప్రజలకీ ఒకే చట్టం, యుద్ధంలోనైనా శాంతిలోనైనా. ఇండియానాలో యుద్ధం లేదు, మామూలు కోర్టులు తెరిచే ఉన్నాయి. అలాంటిచోట సైనికుడు కాని పౌరుడిని సైనిక కోర్టు విచారించకూడదు, అతనికి జ్యూరీ విచారణ హక్కు ఉంది. మిలిగన్ విడుదలయ్యాడు. తర్వాత నష్టపరిహారం కోసం కేసు వేస్తే జ్యూరీ ఇచ్చింది 5 డాలర్లు.

తొమ్మిది మంది జడ్జిలూ విడుదల చెయ్యమన్నారు కదా, మరి ఆ తీర్పు మీద అంత గొడవ ఎందుకైంది?

విడుదల విషయంలో తొమ్మిది మందీ ఒక్కటే, కారణాల దగ్గర 5-4గా చీలారు. పౌరుల్ని విచారించే సైనిక కమిషన్లు పెట్టే అధికారం కాంగ్రెస్‌కి ఉందా అన్నది గొడవ. కాంగ్రెస్‌కి కూడా అలాంటి కమిషన్లు పెట్టే అధికారం లేదని డేవిస్ రాశారు. చీఫ్ జస్టిస్ సాల్మన్ చేజ్, ఇంకో ముగ్గురు మాత్రం కాంగ్రెస్ కావాలనుకుంటే పెట్టగలదు, ఇక్కడ పెట్టలేదు అంతే అన్నారు. సరిగ్గా అప్పుడే ఓడిన దక్షిణాదిలో నల్లజాతి వాళ్లకి రక్షణగా సైన్యం, సైనిక కోర్టులు పనిచేస్తున్నాయి. వాటి కాళ్లు విరగ్గొట్టే తీర్పని రిపబ్లికన్లు మండిపడ్డారు, బానిసత్వానికి కొమ్ముకాసిన డ్రెడ్ స్కాట్ తీర్పుతో పోల్చారు. నేను పునర్నిర్మాణం (ఓడిన దక్షిణాదిని మళ్లీ దేశంలో కలుపుకునే పని) గురించి ఒక్క ముక్క రాయలేదు కదా అని డేవిస్ వాపోయారు. రాయకపోయిన మాట నిజమే. కానీ కేసు తేలడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ దూరం వెళ్లి రాశారన్న విమర్శలో కూడా బలముంది.

ఇంకేమైనా పెద్ద తీర్పులు రాశారా?

అంత పేరున్నది లేదు. యుద్ధకాలపు కాగితం డబ్బు చెల్లదని 1870లో మెజారిటీ అంటే ఈయన విభేదించారు. మరుసటి ఏడాది కోర్టు మాట మార్చి చెల్లుతుందన్నప్పుడు మెజారిటీలో ఉన్నారు.

లింకన్ చనిపోయాక ఆ కుటుంబం ఆస్తి ఈయనే చూశారట?

అవును. 1865 ఏప్రిల్‌లో తండ్రి హత్య జరగగానే రాబర్ట్ లింకన్ డేవిస్‌కి టెలిగ్రామ్ కొట్టాడు. పేరున్న లాయరైన లింకన్ వీలునామా రాయలేదు! డేవిస్ రెండున్నరేళ్లు వ్యవహారం చూసి, ఆస్తిని సుమారు 1,10,000 డాలర్లకి పెంచి, భార్య మేరీకి, కొడుకులు రాబర్ట్, టాడ్‌లకి సమానంగా పంచారు. చట్టప్రకారం రావాల్సిన ఫీజు తీసుకోలేదు.

## మళ్లీ రాజకీయాల్లోకి

జడ్జిగా ఉంటూనే అధ్యక్ష పదవికి పోటీ చేశారా?

1872 ఫిబ్రవరిలో లేబర్ రిఫార్మ్ పార్టీ ఆయన్ని అభ్యర్థిగా ప్రకటించింది. అధ్యక్ష పదవిని వెతుక్కుంటూ వెళ్లకూడదు, వస్తే కాదనకూడదు అని జవాబిచ్చారు. ఆయన కన్ను నిజానికి రిపబ్లికన్ పార్టీ నుంచి చీలిన లిబరల్ రిపబ్లికన్ల టికెట్ మీద. మేలో అది హోరెస్ గ్రీలీకి వెళ్లిపోవడంతో ఈయన తప్పుకున్నారు. ఎన్నికల్లో ఓడిన గ్రీలీ, ఎలక్టర్లు (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్లు) ఓటేసేలోపే చనిపోతే, ఆయన వైపు ఎలక్టర్లు ఇష్టమొచ్చినవాళ్లకి వేశారు. అందులో ఒక ఓటు డేవిస్‌కి పడింది. సుప్రీంకోర్టు జడ్జి ఇలా చెయ్యడం అప్పట్లోనూ విమర్శలు తెచ్చింది.

1877లో ఈయన ఒక్క ఓటు ఉంటే అధ్యక్షుడే మారిపోయేవాడట?

మారేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. 1876 ఎన్నికల్లో డెమోక్రాట్ టిల్డెన్‌కి 184 ఎలక్టోరల్ ఓట్లు, రిపబ్లికన్ హేస్‌కి 165. ఇంకో 20 వివాదంలో పడ్డాయి. గెలవడానికి 185 కావాలి. కాంగ్రెస్ 15 మందితో కమిషన్ వేసింది: పదిమంది కాంగ్రెస్ సభ్యులు, ఐదుగురు సుప్రీంకోర్టు జడ్జిలు. పార్టీల ప్రకారం ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. పదిహేనో మనిషిగా ఏ పార్టీకీ చెందని డేవిస్ వస్తారని అందరి అంచనా.

సరిగ్గా ఆ బిల్లు నడుస్తుండగా, జనవరి 25న ఇల్లినాయ్ శాసనసభలో డెమోక్రాట్లు, స్వతంత్రులు కలిసి డేవిస్‌ని సెనేటర్‌గా ఎన్నుకున్నారు. అప్పట్లో సెనేటర్లని రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. ఆయన్ని మంచి చేసుకోవచ్చని డెమోక్రాట్లు అనుకుని ఉంటే వాళ్ల పాచిక అడ్డం తిరిగింది. ఈ ఎన్నిక జరిగాక కమిషన్‌లో కూర్చోవడం సబబు కాదని ఆయన తప్పుకున్నారు. జస్టిస్ జోసెఫ్ బ్రాడ్లీ వచ్చారు. వివాదంలో ఉన్న ఇరవై ఓట్లూ 8-7 తేడాతో హేస్‌కే వెళ్లాయి. హేస్ 185, టిల్డెన్ 184.

తప్పించుకోవడానికి సాకు దొరికిందని సంతోషించారా, నిజంగా నీతి కోసమేనా? రెండూ కలిసే ఉంటాయని నా అభిప్రాయం. కోర్టు పని మీద అప్పటికే ఆయనకి విసుగు పుట్టింది. ఏ వైపు ఓటేసినా సగం దేశం జీవితాంతం తిట్టేది.

సెనేట్‌లో ఏ పార్టీ? వైస్ ప్రెసిడెంట్ కూడా అయ్యారంటారు?

పార్టీ లేదు, స్వతంత్రుడు. వైస్ ప్రెసిడెంట్ కాలేదు. 1881 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ చనిపోయి ఉపాధ్యక్షుడు ఆర్థర్ అధ్యక్షుడయ్యాక, ఉపాధ్యక్షుడి కుర్చీ ఖాళీ. సెనేట్‌లో రెండు పార్టీలూ ఇంచుమించు సమానం. ఎవరివాడూ కాని డేవిస్‌ని అక్టోబర్ 13న సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. అప్పటి చట్టం ప్రకారం ఆర్థర్‌కి ఏమైనా అయితే దేశం ఆయన చేతికే వచ్చేది. 1883 మార్చి దాకా ఆ స్థానంలో ఉన్నారు.

## ఇల్లు, చివరి ఏళ్లు

మాన్షన్ ఎప్పుడు కట్టారు? లోపల ఏం గమనించాలి?

1870 నుంచి 1872 వరకు కట్టారు. పేరు క్లోవర్ లాన్. పసుపు ఇటుక, 36 గదులు. డిజైన్ చేసిన ఆల్ఫ్రెడ్ పికెనార్ ఇల్లినాయ్ శాసనసభ భవనం మీద కూడా పనిచేసిన ఆర్కిటెక్ట్. జడ్జిగారు వాషింగ్టన్‌లో ఉంటే ఇంటి వ్యవహారం సారా చూసుకుంది. గ్యాస్ దీపాలు, కుళాయి నీళ్లు, బొగ్గు కొలిమితో ఇల్లంతా వెచ్చగా ఉంచే ఏర్పాటు అప్పట్లోనే ఉన్నాయి. అందరూ హాల్లో ఫొటోలు దిగి వచ్చేస్తారు. వెనకాల సారా వేసుకున్న పూలతోట ఉంది, వేసవిలో వెళ్తే వదలకండి. ఇప్పుడిది రాష్ట్ర ప్రభుత్వ చారిత్రక స్థలం.

చివరి రోజులు ఎలా గడిచాయి?

సారా 1879లో పోయింది. సెనేట్ నుంచి దిగిన నెలలోనే, 1883 మార్చిలో, నార్త్ కరోలినాకి చెందిన అడలైన్ బర్‌ని రెండో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 68. బ్లూమింగ్టన్‌లోని ఆ ఇంట్లోనే 1886 జూన్ 26న మరణించారు. సమాధి ఊళ్లోని ఎవర్‌గ్రీన్ శ్మశానంలో ఉంది.

పిల్లలకి స్కూల్ ప్రాజెక్టు ఇచ్చారు. ఆయన రాసింది ఒక్కటే చదవాలంటే ఏది?

మిలిగన్ తీర్పు. మొత్తం పెద్దదే కానీ పదకొండో, పన్నెండో తరగతి పిల్లలకి అర్థమయ్యే ఇంగ్లీషే. మొదట్లో వచ్చే కోర్టు పరిధి చర్చ వదిలేసి, సైనిక కమిషన్‌కి అధికారం ఉందా అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టించండి. పక్కనే చీఫ్ జస్టిస్ చేజ్ రాసిన విడి అభిప్రాయం కూడా చదివిస్తే ప్రాజెక్టులో రాయడానికి రెండు వైపులా వాదనలు దొరుకుతాయి.